పరుగులో అడగకూడని మాట

మా సార్ దగ్గర పరుగు నేర్చుకోవడానికి వచ్చిన వాళ్లకు మొదటి రోజే ఒక నియమం చెప్పేవారు. రోడ్డు మీద ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ ఎలా ఉందని అడగకూడదు. పొరపాటున ఎవరైనా అడిగితే జవాబు ఒక్కటే: "మంచిగున్న." కాలు బెణికినా, డొక్కలో పొడిచినా, కళ్లు బైర్లు కమ్మినా అదే జవాబు. ఇప్పుడెవరైనా నా ముందు మనోబలం గురించి ఉపన్యాసం మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. మా ఇంట్లో వాళ్లు దాన్ని నా పొగరు కింద జమకట్టారు. అనుకోనీ.

తొంభైల మొదట్లో సంగతి ఇది. నాన్న ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం. గుంటూరు వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లో నాకు ఒక తెలుగు, గేటు దాటితే ఇంకో తెలుగు. డిగ్రీ చదువుతూ కాలేజీ పోటీల్లో ఒకసారి గెలిచేసరికి అది తలకెక్కి, మా కాలనీ వెనక స్కూలు మైదానంలో పరుగు నేర్పే సార్ దగ్గర చేరాను. "మగరాయుడిలా ఆ పరుగులేమిటే? రేపు పెళ్లివారి ముందుకి కుంటుకుంటూ వస్తావా?" అని అమ్మ రోజూ దీవించి పంపేది. నాన్న పేపరు దించకుండా నవ్వేవారు. నేను సరదా కోసం పరుగెత్తుతున్నానని మా ముగ్గురికీ తెలుసు.

సార్ నల్లగొండ మనిషి. సైన్యంలో చాలాకాలం పనిచేసి వచ్చి ఆ స్కూల్లోనే పీటీ మాస్టరుగా కుదురుకున్నారు. సైన్యంలో ఉండగా ఎవరో డాక్టరు, దూరం పరుగెత్తే వాళ్లకు మనసును ఎలా మలచాలో వారం రోజులు పాఠాలు చెప్పాడట. ఆ వారమే సార్ జీవితాన్ని నడిపింది. మిగతా కోచ్‌లు కాళ్లకు శిక్షణ ఇస్తారనీ, తాను తలకాయకు ఇస్తాననీ గర్వంగా చెప్పుకునేవారు.

"చిన్న పిల్లగాడు కింద వడ్డడనుకోండ్రి. మీరు ఉరికి పోయి అయ్యో దెబ్బ తాకిందా బిడ్డా అంటే ఏం జేస్తడు? గొంతు చించుకొని ఏడుస్తడు. సూడనట్టు ఊకుంటే లేసి దులుపుకొని మల్ల ఆడుకుంటడు. పానం గూడ గంతే. దాన్ని ఎట్లున్నవని అడగొద్దు. అడిగితే చెప్తది. చెప్తే మీరు ఆగుతరు."

అబద్ధం చెప్పను, ఆయన పద్ధతి పనిచేసేది. దారి మొత్తం గురించి ఆలోచించకుండా కళ్ల ముందున్న కరెంటు స్తంభం దాకా మాత్రమే పరుగెత్తమనేవారు. అది దాటాక దాని తర్వాతది. అలా వరంగల్ రోడ్డు మీద నేను కలలో కూడా అనుకోనంత దూరం వెళ్లి వచ్చాను. వారానికి ఒకసారి మమ్మల్ని కాంపౌండు గోడ నీడలో వరసగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని దారంతా మనసులో పరుగెత్తించేవారు. మలుపులు, ఎత్తులు, ఎదురుగాలి, అన్నీ చూడాలి. పూర్తయిన వాళ్లు చెయ్యెత్తాలి. ఆయన స్టాప్‌వాచ్ పట్టుకుని, మనసులో పట్టిన సమయాన్ని కాళ్లకు పట్టిన సమయంతో పోల్చేవారు. నాది ఎప్పుడూ కలిసేది కాదు, మధ్యలో టిఫిన్ గుర్తొచ్చేది.

అక్కది మాత్రం కలిసేది. అక్క అంటే తోబుట్టువు కాదు. నాచారంలో ఉండేది. అక్కడి పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ మీద పని. భువనగిరి వైపు ఊళ్లో పుట్టి, పెళ్లికి ముందు రాష్ట్ర స్థాయి పోటీల దాకా పరుగెత్తిన మనిషి. పెళ్లయి, కూతురు పుట్టి, భర్త పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడ్డాక, పాత సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెలోంచి తీసి మళ్లీ పరుగు మొదలుపెట్టింది. కారణం ఒకటే. ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఆటల కోటా కింద కొలువులు పడ్డాయి. వేసవిలో పరుగు పరీక్ష. వచ్చే ఏడాదికి ఆమె వయసు పరిమితి దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. మా గుంపులో ఇంకో ఇద్దరు అన్నలు ఉండేవారు గానీ ఎవరికీ అక్కకు ఉన్నంత అవసరం లేదు. అది మాటల్లో ఎవరూ అనకపోయినా, ఆమె మైదానంలోకి అడుగుపెడితే మా నవ్వులు తగ్గేవి.

సార్‌కు ఆమె అంటే ప్రాణం. ఎండెంత ఉన్నా వేగం తగ్గదు, మొహంలో బాధ కనిపించదు, పరుగయ్యాక మేమంతా కుళాయి దగ్గర ఒకరినొకరు తోసుకుంటుంటే ఆమె నోరు పుక్కిలించి పక్కకు వచ్చేస్తుంది. "సూడుండ్రి. దాహాన్ని గెలిచింది. మీరు గొడ్ల లెక్క తాగుతున్నరు" అనేవారు సార్. పరుగు మధ్యలో నీళ్లు తాగడం మనసు ఓడిపోయినట్టని ఆ రోజుల్లో చాలామంది కోచ్‌ల నమ్మకం. అక్క ఆ నమ్మకానికి నిలువెత్తు సాక్ష్యంగా దొరికింది ఆయనకు.

నేనొక రోజు సైకిల్ నడిపించుకుంటూ ఆమెతో నాచారం దాకా వెళ్లాను. నాలా పక్కగా దారి. ఆ నాలా ఒక రోజు పసుపుగా, ఒక రోజు ఇటుక రంగులో పారేది. ఒక ఫ్యాక్టరీ దగ్గర బిస్కెట్ల వాసన కమ్మగా వచ్చి, నాలుగడుగులు వేసేసరికి గొంతు పట్టేసే మందుల వాసన కింద అణిగిపోయేది. నీళ్లు ఎందుకు తాగవని అడిగాను. రోడ్డు మీద పరుగెత్తడం లేదు కాబట్టి నియమం వర్తించదని నా తెలివి.

"షిఫ్టు ఉంటది గద చెల్లె" అంది నవ్వుతూ. "బాత్రూము తాళంచెవి సూపర్‌వైజర్ తాన ఉంటది. రెండుసార్లు అడిగితె ఏంది నీ కత అని అందరి ముంగట అంటడు. మా లైన్ల ఆడోళ్లు ఎవ్వలు తాగరు. పొద్దుగాల్నే బంద్ పెడ్తరు."

ఆమె అది ఏదో చిలిపి విషయంలా చెప్పింది. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగాక ఎందుకో నవ్వు రాలేదు. సార్‌తో చెబితే, "ఎట్లనన్న కానీ, అలవాటైంది గద, మంచిదే" అన్నారు.

ఎండలు ముదురుతున్న కొద్దీ నాకు కొన్ని కనిపించసాగాయి. పొద్దున వచ్చేసరికి అక్క కళ్ల కింద ఉబ్బు. చెప్పులు విడిచినప్పుడు పట్టీల గుర్తులు పాదాల మీద లోతుగా పడి, ఎంతకీ పోయేవి కావు. వేలికున్న ఉంగరం తీసేసి నల్లపూసలకు కట్టుకుంది. అవన్నీ చూస్తూనే, అడగకూడదు కాబట్టి అడగకుండా, స్తంభాలు లెక్కపెట్టుకుంటూ ఆమె వెనకాల పరుగెత్తాను. ఒక మనిషికి ఏదో అవుతోందని తెలిసి ఆమె వీపు చూస్తూ పరుగెత్తడం ఎంత భయంగా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు.

ఏప్రిల్‌లో ఒకసారి గోడ నీడలో కూర్చుని మనసులో పరుగెత్తుతున్నాం. నేను ఎప్పటిలాగే ముందే చెయ్యెత్తి తిట్టు తిన్నాను. అన్నలిద్దరూ ఎత్తారు. అక్క ఎత్తలేదు. ఆమె సమయం దాటిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది, ముక్కుపుటాలు అదురుతున్నాయి, కళ్లు గట్టిగా మూసి ఉన్నాయి. సార్ రెండుసార్లు పిలిచారు. మూడోసారి భుజం తట్టితే కళ్లు తెరిచి మమ్మల్ని కొత్తవాళ్లను చూసినట్టు చూసింది.

"ఏడిదాక పోయినవ్ బిడ్డా?"

"మేడిపల్లి దాక పోయిన సార్. ఆడికెల్లి ముంగట తొవ్వ కనిపిస్తలేదు."

"కనిపియ్యకపోవుడేంది? దినాం ఉరికే తొవ్వనే గద! మల్ల మొదటికెల్లి పోయి రా."

ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది. మాకు ఎండ తగిలే దాకా అక్కడే కూర్చున్నాం. రెండోసారి కూడా ఆమె చెయ్యెత్తలేదు. కాసేపటికి తనంతట తానే కళ్లు తెరిచి, "అయింది సార్" అంది. అబద్ధమని నాకు అర్థమైంది, సార్‌కు కూడా అర్థమయ్యే ఉంటుంది. ఆయన స్టాప్‌వాచ్ జేబులో పెట్టుకుని ఆ రోజుకు చాలన్నారు.

ఆ వారంలోనే ఇంకొకటి చూశాను. పరుగు మొదలయ్యే ముందు అక్క గోడవైపు తిరిగి జేబురుమాలు ముడి విప్పి, తెల్లటి గోలీ ఒకటి నోట్లో వేసుకుంది. నీళ్లు లేకుండానే మింగింది. సగం విరిగిన గోలీ అది. నేను చూశానని గమనించి, "తలకాయ నొస్తుంది" అంది. ఆ మాట తర్వాత మేం అన్నోజిగూడ దిక్కుకు అంత దూరం పరుగెత్తి వచ్చాం. తలనొప్పి ఉన్న మనిషి మా అందరికంటే ముందు వచ్చింది. సార్ ఆమె వీపు తట్టి, "మైండ్! ఇదీ మైండ్ అంటే!" అన్నారు.

నెలాఖరు ఆదివారం సార్ మాకు అన్నింటికన్నా పెద్ద పరుగు పెట్టారు. అన్నోజిగూడ దాకా వెళ్లి తిరిగి రావాలి. వెలుతురు రాకముందే బయలుదేరాం కాబట్టి వెళ్లేటప్పుడు హాయిగానే ఉంది. తిరుగుదారిలో సూర్యుడు సరిగ్గా వీపు మీద. తారు మెత్తబడి కాలికి అంటుకుంటోంది. అన్నలిద్దరూ ముందుకు వెళ్లిపోయారు. సార్ తన స్కూటరు మీద వాళ్ల వెంట ఉన్నారు. అక్క నాకు కొంచెం ముందుంది. ఆమె ఎప్పుడూ తాడు కట్టి లాగినట్టు తిన్నగా పరుగెత్తేది. ఆ రోజు మెల్లగా రోడ్డు మధ్యలోకి జరుగుతోంది. ఎదురుగా లారీ హారన్ కొడితే పక్కకు వచ్చి, మళ్లీ మధ్యలోకే పోతోంది.

నేను వేగం పెంచి పక్కకు చేరాను. ఆమె మెడ మీద చెమట లేదు. నేను పై నుంచి కింద దాకా తడిసి ముద్దయి ఉంటే ఆమె చర్మం ఉతికి ఆరేసిన బట్టలా పొడిగా ఉంది. నియమం ఎటు పోతే పోయిందని అడిగేశాను.

"అక్కా, ఎట్లుంది?"

"మంచిగున్న."

గొంతు మామూలుగా ఉంది. వణుకు లేదు, ఆయాసం లేదు. అదే నన్ను వణికించింది. అంతలో రోడ్డు పక్కకు చీలే మట్టిదారి ఒకటి వస్తే, ఆమె హైవే వదిలేసి ఆ దారిలోకి తిరిగింది. ఎందుకు తిరిగిందో ఆమెకే తెలియదు. "అక్కా! ఎటు పోతున్నవ్?" అని అరిచాను. వెనక్కి చూడకుండా, "మంచిగున్న" అంది. ఇంకో కేక వేశాను, దానికీ అదే. నేను వెంటపడి పరుగెత్తుతుండగానే షాబాదు బండలు అమ్మే దుకాణం ముందు మోకాళ్ల మీద పడి, అక్కడి నుంచి పక్కకు ఒరిగిపోయింది.

బండల దుకాణం వాళ్లు బకెట్‌తో నీళ్లు కుమ్మరించి, ట్రాలీ ఆటోలో గోనెలు పరిచి పడుకోబెట్టారు. ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని ఉప్పల్ దాకా వచ్చాను. నుదురు పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉంది. ఏమంటోందో చెవి పెట్టి వినాల్సిన అవసరం లేదు నాకు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. సార్ మీద, ఆ సైన్యం డాక్టరు మీద, ఊరంత ఎండ మీద.

ఉప్పల్‌లో మేం తీసుకెళ్లిన చిన్న దవాఖానాలో డాక్టరు సెలైన్లు పెట్టాడు. మధ్యాహ్నానికి ఆమెకు తెలివి వచ్చింది. గొట్టం గుండా సంచిలోకి దిగుతున్న మూత్రం చిక్కటి డికాషన్ రంగులో ఉంది. ఆ సంచి వంక డాక్టరు చాలాసేపు చూసి అడిగాడు.

"నొప్పి గోలీలు ఏమన్న మింగుతున్నవా అమ్మా?"

"లేదు సార్. మంచిగున్న."

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, నాన్న ఉద్యోగం సంగతి కనుక్కుని, అప్పుడు గానీ నోరు విప్పలేదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయట. ఇప్పటికి గండం గడిచింది. నీళ్లు లేకుండా, ఎండలో, ఒకవేళ నొప్పి గోలీలు కూడా మింగుతూ ఇంకొక్కసారి ఇలా పరుగెత్తితే అవి పూర్తిగా మూతపడతాయి. "మళ్లీ తెరుచుకుంటాయని మాత్రం నేను చెప్పలేను" అన్నాడు.

నేను లోపలికి వెళ్లి ఆమె మంచం మీద కూర్చున్నాను. భర్త బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కూతురు కాళ్లవైపు కూర్చుని బ్రెడ్డు తింటోంది.

"రుమాల్ల ఉన్న గోలి నేను చూసిన అక్కా" అన్నాను.

ఆమె పైకప్పు చూస్తూ మెల్లగా చెప్పింది. "లైన్ మీద ఇరిగినవి పారేస్తరు గద, గవే. ఇంత దినం నుంచి సార్ మైండు మైండు అంటుంటే నవ్వొస్తుండె. నొప్పి తెలువకపోవుడేంది చెల్లె? అన్ని తెలుస్తయి. మేడిపల్లి దాటినంక నడుములకెల్లి కత్తి దింపినట్టు ఉంటది, కండ్లు మూసినా అదే యాదికొస్తది. గోలి ఏస్కుంటే జర తగ్గుతది. చెప్తే సార్ ఆపుతడు. ఆపితే కొలువు పోతది."

మేం నొప్పిని జయించిన మనిషి అనుకున్నది, ప్రతి అడుగులోనూ నొప్పిని పూర్తిగా అనుభవిస్తున్న మనిషిని. ఆమె సూది లేని చేత్తో నా చెయ్యి అందుకుని కూతురి తల మీద పెట్టబోయింది.

"ఇంక పదిహేను రోజులే. ఎవ్వలకు జెప్పనని నా బిడ్డ మీద ఒట్టెయ్యి."

సెలైన్ గొట్టం సర్దుతున్నట్టు నటించి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నేను ఒట్టు వెయ్యలేదని ఆమెకు అర్థమైంది. మొహం గోడవైపు తిప్పుకుంది.

సాయంత్రం సార్ బత్తాయిలు పట్టుకుని వచ్చారు. "పానం అబద్ధమాడింది బిడ్డా, ఫికర్ చెయ్యకు. మనసు గట్టిగున్నది గద, పరీక్ష నీదే" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. చెడ్డమనిషి కాదు, నేనెప్పుడూ ఆ మాట అనను. ఆయనను మెట్ల దగ్గర ఆపి డాక్టరు చెప్పిందీ, గోలీల సంగతీ అన్నీ చెప్పేశాను. సార్ వింటున్నంతసేపు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.

"పరీక్ష ముంగట గిసుంటి మాటలు మాట్లాడతరా? డాక్టర్లు గట్లనే అంటరు. నీ మాట ఆమె చెవుల వడ్డదంటే ఆడనే ఓడిపోతది. మైండ్ ఖరాబ్ చెయ్యకు."

"సార్, ఆమె చచ్చిపోతే?"

"గామాట నోట్ల రానియ్యకు!" అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆమె భర్తను అడిగాను. అతను గోరు కొరుక్కుంటూ, "నేనేం జెప్పను చెల్లె? నేను ఇంట్ల కూసున్నోన్ని. ఆమె ఇష్టం" అన్నాడు. మా నాన్నను అడిగితే, వాళ్ల జీవితాల్లో మనం తలదూర్చకూడదన్నారు. అమ్మ ఒక్కతే, "ఆ పిల్లకి కూతురుందన్నావు కదూ" అని పోపు వేయడంలో పడింది.

అక్క వారానికే మైదానంలో కనిపించింది. మొహం ఉబ్బి, నవ్వుతూ. సార్ ఆమె వైపు చూసి చప్పట్లు కొట్టారు. అన్నలు కూడా కొట్టారు. మనిషిని అందరం కలిసి ఊరేగింపుగా ఎక్కడికో తీసుకెళ్తున్నట్టు అనిపించింది నాకు. నేను వద్దన్న మాట వినే మనిషి ఆ మైదానంలో ఒక్కరూ లేరు. ఆమెతో ఎదురుగా అనే ధైర్యం చేసి, "అక్కా, వద్దు" అన్నాను. ఆమె షూ లేసు కట్టుకుంటూ తల ఎత్తకుండా, "సంచి పట్టుకోనీకి వస్తవా, రావా?" అంది.

వెళ్లాను. పరీక్ష సికింద్రాబాద్‌లో ఒక పెద్ద మైదానంలో. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. సార్ మాకంటే ముందే వచ్చి, సున్నం గీతల పక్కన నిలబడి ఉన్నారు. పరుగెత్తే అమ్మాయిలందరూ ముందు డాక్టరు బల్ల దగ్గర వరసలో నిలబడాలి. నాడి, రక్తపోటు చూసి చెస్ట్ నంబరు ఇస్తున్నారు. లోపలికి ఎవరినీ రానివ్వకపోయినా, సంచి, చెప్పులు పట్టుకున్న దాన్ని కాబట్టి నన్ను ఎవరూ ఆపలేదు. వరసలో నిలబడి అక్క రుమాలు ముడి విప్పింది. ఒకటి కాదు, రెండు మింగింది.

డాక్టరు రక్తపోటు చూసి, మళ్లీ చూశాడు. "మందులేమైనా వాడుతున్నారా? ఈమధ్య జ్వరం, ఆస్పత్రి, ఏమైనా?"

"లేదు సార్. మంచిగున్న."

అతను నంబరు గుడ్డ చేతికివ్వబోతున్నాడు. నేను ముందుకు వెళ్లి ఇంగ్లీషులో చెప్పాను. కాన్వెంటులో నేర్చుకున్న ఇంగ్లీషు, అక్కకు రాని ఇంగ్లీషు. పడిపోయిన రోజు, సంచిలోని రంగు, ఉప్పల్ డాక్టరు అన్న మాట, ఇప్పుడే మింగిన గోలీలు, అన్నీ. అక్క నా మొహం, డాక్టరు మొహం మార్చి మార్చి చూస్తోంది. డాక్టరు కుర్చీలోంచి లేచి కిందికి వంగి, ఆమె కాలి ఎముక మీద బొటనవేలు గట్టిగా నొక్కి తీశాడు. అక్కడ గుంట పడింది. మేం ముగ్గురం చూస్తూనే ఉన్నాం, ఆ గుంట పూడలేదు. అతను నంబరు గుడ్డను మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

ఆమె అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. సార్ వచ్చి డాక్టరును బతిమాలుతుంటే ఆమె షూ విప్పి సంచిలో పెట్టుకుంది. ఎవరో విజిల్ ఊదారు, మిగతా అమ్మాయిలు పరుగు మొదలుపెట్టారు. ఆమె ఆ దుమ్ము వంక కాసేపు చూసి, నా చేతిలోంచి చెప్పులు తీసుకుని వేసుకుంది.

నాచారం మీదుగా ఉప్పల్ వెళ్లే బస్సెక్కాం. పక్కపక్కనే కూర్చున్నాం. నేను చేసింది తప్పని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆమెను బతికించానని, కొన్నాళ్లకైనా ఆమెకు అర్థమవుతుందని, నాలో నేను మాటలు కూర్చుకుంటున్నాను. ఆ మాటలే పైకి అన్నాను.

"కొలువు పోతే ఇంకొకటొస్తది అక్కా. పానం పోతే రాదు. గోలీలు మింగుకుంట ఉరికితే చచ్చిపోతవని డాక్టర్..."

"గోలీలు ఉరుకుటానికని అనుకున్నవా?"

మైదానంలో డాక్టరు బల్ల దగ్గరి నుంచి అప్పటిదాకా ఆమె అన్న మొదటి మాట అదే. కిటికీ బయటకే చూస్తోంది.

"లైన్ల నిలవడనీకి చెల్లె. పొద్దుగాల్నుంచి నిలవడాలె, కూసోనియ్యరు. నాకు ఉరుకుడు మొదలు కాకముందుకెల్లే ఉన్నది గీ నొప్పి. మూడేండ్లాయె మింగవట్టి. నీళ్లు బంద్ వెట్టి మూడేండ్లాయె. ఉరుకుడు మొదలువెట్టిందే ఆడికెల్లి బయటవడనీకి."

దాహాన్ని గెలవడం, అడిగితే మంచిగున్న అనడం, ఆగకుండా నిలబడటం, ఇవన్నీ సార్ నేర్పినవని అనుకున్నాం మేం. ఆ పాఠాలు ఆమె ఎక్కడ నేర్చుకుందో ఎవరమూ ఆలోచించలేదు. ఆమెను చంపే పరుగును ఆపానని అనుకున్నాను. ఆమె తప్పించుకుని పోతున్న దారిని మూసేశాను.

నాచారంలో బస్సు ఆగింది. ఆమె లేచి, సంచి తీసుకుని, నా వంక తిరిగింది. కోపం లేదు మొహంలో. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"రేపటికెల్లి నా జాగల షిఫ్టుకు నువ్వు పోతవా?"

జవాబు కోసం ఆగకుండా దిగిపోయింది. ఆ రోజుకు ఆమె సెలవు పెట్టింది. ఇల్లు ఎడమవైపు సందులో. రెండో షిఫ్టు సైరన్‌కు ఇంకా కొంచెం సమయముంది. ఆమె సంచి భుజానికి తగిలించుకుని ఫ్యాక్టరీ వైపు నడిచింది.